పారే నీటి అలమర

మైనం పలక మీద పడుకోబెట్టిన అయిదు చేపలకీ కుడివైపు చెంప రెక్క సగానికి అరిగిపోయి ఉంది.

కొలతలమ్మ పట్టకారు కింద పెట్టింది. కళ్ళజోడు తీసి తెల్లకోటు అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. మొదటి చేపను ఇంకోసారి తిప్పి చూసింది. ఎడమ పక్క రెక్క విసనకర్రలా విచ్చుకుని అంచు దాకా నిండుగా ఉంది. కుడి పక్కది ఎవరో పనిగట్టుకుని గరుకు కాగితంతో రుద్దినట్టు మొండిగా ఉంది. రెండోదీ అంతే. మిగతావీ అంతే.

ఒక్కదానికైతే ఏ రాయో ఒరుసుకుందిలే అనుకోవచ్చు. అయిదింటికీ ఒకే పక్క, ఒకే మేరకు ఎందుకు అరుగుతుంది?

ఆ చేపల పరిశోధన కేంద్రంలో చేపను కుడి పక్క నుంచి చూసిన వాళ్ళు లేరు. చేపను పలక మీద పెడితే తల ఎడమకు, తోక కుడికి ఉండాలి. రెక్కలు విప్పి గుండుసూదులు గుచ్చేది పైకి కనబడే ఎడమ పక్కే. ఫొటో తీసేదీ, వెర్నియర్ పెట్టి కొలిచేదీ ఆ పక్కే. ఇన్నేళ్ళ ఫొటోలు వరసగా పేరిస్తే చేపలన్నీ కూడబలుక్కుని ఒకే ఊరికి ప్రయాణం కట్టినట్టుంటాయి. కుడి పక్క మైనానికి అంటుకుని కిందే ఉండిపోతుంది. జాడీలోకి వెళ్ళాక కూడా అది గోడవైపే.

ఈవేళ మాత్రం ఆమె తిరగేసింది. అది పనికోసం కాదు. కొలతలన్నీ అయిపోయాయి. మూత బిగించేముందు ఎందుకో మనసొప్పలేదు. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన చేప. ఒక్కసారి అరచేతిలోకి తీసుకుని, నిద్రపోయే పిల్లను పక్కకి ఒత్తిగిలించినట్టు అటు తిప్పింది. అలా తిప్పకపోయినా బాగుండేది.

చేతులు కడుక్కుందామని తొట్టి దగ్గరికి వెళ్ళింది. గుండ్రటి రేకు తొట్టిలో నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. చూస్తూ చూస్తూ ఆమె వేలిని చేపలాగా నీళ్ళలో పెట్టి, సుడికి ఎదురుగా, అంచు వెంట నడిపించింది. వేలి కుడి పక్క రేకు అంచుకు రాసుకుంది. ఇంకో చుట్టు తిప్పింది. మళ్ళీ కుడి పక్కే.

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఏట్లో పెరిగిన చేపకు రెక్కలు అరగవు. సిమెంటు తొట్టిలో పెరిగిన చేపకు అరుగుతాయి. నీళ్ళు ఎప్పుడూ ఒకే దిక్కుకు తిరిగే గుండ్రటి తొట్టిలో, పొద్దస్తమానం ఎదురీదుతూ పెరిగిన చేపకైతే ఒక పక్కే అరుగుతుంది.

ఈ చేపలు ఏటివి కావు. ఎవరో పెంచారు.

జాడీల గదిలో అలమరలు చేపల పేర్లను బట్టి ఉండవు, నీళ్ళను బట్టి ఉంటాయి. ఆమె మేనమామ ఈ కేంద్రానికి పెద్దగా ఉన్న రోజుల్లో పెట్టిన పద్ధతి అది. అడుగున బురదలో బతికే చేపలది ఒక అలమర: బల్లపరుపు పొట్టలు, మీసాలు, పైకి చూసే కళ్ళు. నాచు మొక్కల సందుల్లో మసలే చేపలది ఇంకొకటి: అరచేతుల్లాంటి వెడల్పాటి ఒళ్ళు, ఉన్నచోటే గిరుక్కున తిరిగే రెక్కలు. రాళ్ళను కరుచుకుని బతికేవి ఆ పక్కన. కిటికీ దగ్గరున్నది పారే నీటి అలమర. అందులోని చేపలకు అనవసరమైన ఒంపు ఒక్కటి ఉండదు. తల నుంచి తోక దాకా నీళ్ళే చెక్కిపెట్టినట్టుంటాయి.

ఆ అలమరలో కింది వరస సగం ఖాళీ. ఆనకట్ట తలుపులు పడ్డాక అక్కడికి కొత్త జాడీ రాలేదు. వెడల్పాటి చేపల అలమరలో మాత్రం చోటు చాలక జాడీలు నేల మీదికొచ్చాయి. తుడిచేవాళ్ళు ఖాళీ వరసలో చీపురు పెట్టబోతే కొలతలమ్మ ఒప్పుకునేది కాదు. "బాణం వస్తే ఎక్కడ పెట్టను?" అనేది. వాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

బాణం అన్నది కేంద్రంలో అందరి నోళ్ళలో నలిగిన పేరు. సన్నగా, నిగనిగలాడుతూ, వడిలో నిలబడి ఎదురీదే చేప. ఆనకట్ట వెనక నిలవ నీళ్ళలో దానికి చుట్టం ఒకటుంది, దాన్ని పళ్ళెం అంటారు. అవే పొలుసులు, అదే రంగు, కానీ బొద్దుగా, వెడల్పుగా ఉంటుంది. రెండూ వేరువేరు చేపలనే పుస్తకాల్లో ఉంది. పళ్ళేలు కుప్పలుగా దొరుకుతాయి. బాణాన్ని కొలతలమ్మ ఈ ఉద్యోగంలో చేరాక జాడీల్లోనే చూసింది, ప్రాణంతో ఒక్కసారి కూడా చూడలేదు.

ఆనకట్ట కింద రాళ్ళ పాయ అని ఒక ముక్క మిగిలింది. ఒకప్పుడు అక్కడ మాట వినబడాలంటే చెవిలో అరవాల్సి వచ్చేది. చిన్నప్పుడు మావయ్య ఆమెను భుజం మీద ఎక్కించుకుని ఏదో చూపిస్తూ అరిచాడు. ఏం చూపించాడో గుర్తు లేదు, ఆ హోరు గుర్తుంది. ఇప్పుడది రాళ్ళ మధ్య మడుగులు. పాత తూము కారే చోట మాత్రం నాలుగు బారల మేర నీళ్ళు కదులుతాయి. ఆ పాయకు ఏడాది పొడుగునా నీళ్ళు వదలాలా, లేక అడ్డంగా గోడ కట్టి చేపల చెరువు చేసెయ్యాలా అన్నది తేల్చడానికి గురువారం కమిటీ వస్తోంది. కమిటీ అడిగేది ఒకటే ప్రశ్న: బాణం ఇంకా ఆ పాయలో ఉందా, లేదా?

పోయిన వారం వలలో అయిదు బాణాలు పడ్డాయి. డైరెక్టరు గంతులేసినంత పని చేశాడు. చేపల పక్కన కొలిచినవాళ్ళ సంతకం ఉండాలి. ఆ సంతకం కొలతలమ్మదే.

ఆమె జాడీ మూత బిగించలేదు. పలక మీది చేపలపై తడిగుడ్డ కప్పి బయటికి నడిచింది.

*

పడవల పాకలో వలాయన చిరిగిన వల కుడుతున్నాడు. నోట్లో దారం, కాలి బొటనవేలికి వల కొస. అతన్ని అందరూ గేలం అంటారు. ఏ విషయమైనా చెవిన పడితే వదలడని.

"గేలం, నిజం చెప్పు. ఆ చేపల్ని ఎక్కడ పట్టావు?"

అతను దారం ఉమ్మేశాడు. "అదేంటమ్మా, వారం నుంచి అందరికీ చెప్పి చెప్పి నోరు నొప్పెడుతుంటే. తూము కింద. ఎప్పుడూ కట్టే చోటే. సాయంత్రం కట్టాను, పొద్దున తీశాను."

"నువ్వెక్కడైనా పెంచి తెచ్చి వలలో వేశావా?"

గేలం ఒక్క క్షణం ఆమెను తేరిపార చూసి పకపకా నవ్వాడు. "నేనా? పెంచడమా? మా ఇంట్లో పిల్లి పక్కింట్లో తింటుందమ్మా. మా ఆవిడ నన్ను పెంచలేక చస్తోంది. నేను చేపల్ని పెంచడం!"

ఆమె నవ్వలేదు. దాంతో అతని నవ్వు కూడా ఆగింది.

"ఏమైందమ్మా? చేపలు మంచివి కావా?"

"మంచివే. నువ్వు వల కట్టాక, తీసేలోపు, అటు ఎవరైనా వచ్చారా?"

"ఆ రాళ్ళలోకి ఎవరొస్తారు? మీ మావయ్యగారు తప్ప కాకి కూడా..." నాలుక కరుచుకున్నాడు. వంగి, కుట్టిన ముడినే మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు.

"మావయ్య ఎప్పుడొచ్చాడు?"

"ఎప్పుడొచ్చారంటే ఏం చెప్పను. రోజూ వస్తారు. రిటైరైనా ఆయనకి ఏరు రిటైరవలేదు కదా. ఆవేళ నేను వల తియ్యడానికి పోతుంటే ఎదురొచ్చారు. చేతిలో పాల క్యాను. 'నీళ్ళు పరీక్షకి తీసుకెళ్తున్నానోయ్' అన్నారు. పెద్దాయన, నేనేం అడుగుతాను?"

"క్యాను నిండుగా ఉందా?"

"ఖాళీగానే ఊపుకుంటూ వెళ్ళారు." ఆ మాట అన్నాక అతనే ఆలోచనలో పడ్డాడు. సూది గాల్లో ఆగింది. "మూతకి కన్నాలు కూడా ఉన్నాయమ్మా."

పాక చూరు కింద తడి వలల్లోంచి నీళ్ళు చుక్కచుక్కగా కారుతున్నాయి.

"నేనేం చూడలేదు," అన్నాడు గేలం చివరికి. "కన్నాలూ చూడలేదు, క్యానూ చూడలేదు. నా కళ్ళు ఈమధ్య బాగా మందగించాయి."

*

మావయ్య ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య మెట్ల మీద ఉంది. చేతిలో నీళ్ళ బకెట్టు, నడుముకు తువ్వాలు, ముఖంలో యుద్ధం.

"సమయానికి వచ్చావే తల్లీ. ఇదిలా అందుకో. పైన ఇంకో రెండు బిందెలు నింపాలి."

"మోటారు ఇంకా రాలేదా అత్తయ్యా?"

"వస్తుంది. మీ మావయ్యకి బుద్ధొచ్చిన రోజున వస్తుంది. కాలిపోయిందన్నారు, బాగుకిచ్చానన్నారు. ఏడాది దాటింది. ఆ మెకానిక్కు మోటారు బాగుచేస్తున్నాడో, కొత్తగా కనిపెడుతున్నాడో!"

"గట్టిగా అడగలేకపోయావా?"

"అడిగితే నీళ్ళు నేనే మోస్తానంటారు. మోస్తే సగం మెట్ల మీదే. నీళ్ళు పైకి రావు గానీ, మెట్లు మాత్రం అద్దంలా ఉన్నాయి చూడు." ఆవిడ ఆఖరి మెట్టు మీద కూలబడి రొప్పింది. "ఇంతకీ ఆయన ఉంటే కదా అడగడానికి. పొద్దున్నే పాత చేపపిల్లల కేంద్రానికి పోతారు. మూతపడ్డ చోట తోటపనట. ఇంట్లో ఉన్న ఒక్క పూలకుండీని ఎండబెట్టి చంపిన మనిషి, అక్కడ తోటపనట! రెండో కాపురం పెట్టారేమో అని ఒకరోజు వెనకాలే పోదామనుకున్నాను. మోకాళ్ళు సహకరించలేదు."

కొలతలమ్మ బకెట్టు ఎత్తింది. దాని చువ్వ అరచేతిలో గుచ్చుకుంది. గుండ్రటి తొట్లు ఉన్నది పాత చేపపిల్లల కేంద్రంలోనే. మూడు మెట్లెక్కాక ఆగి బకెట్టు చెయ్యి మార్చుకుంది. ఇది మోయగలిగిన బరువులా లేదు.

మావయ్య వచ్చింది పొద్దు వాలుతుండగా. పొడుగాటి మనిషి, వంగిపోయి, చెప్పులు చేత్తో పట్టుకుని దొంగలా వస్తున్నవాడు ఆమెను చూడగానే వెలిగిపోయాడు.

"ఏమే కోడలా! కొలిచావా? తోక మొదలు ఎంతొచ్చింది?"

చెప్పింది.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆ అంకెను నాలుక మీద పెట్టుకుని చప్పరిస్తున్నట్టు ఒక్క క్షణం ఉండిపోయాడు. "పాత జాడీల్లోవాటితో సరిపోయిందా?"

"సరిపోయింది మావయ్యా. తేడా కనబడలేదు."

"నిజంగా? ఒళ్ళు వెడల్పు? అదీ సరిపోయిందా?"

"అదీ సరిపోయింది."

"చూశావా మరి!" అన్నాడు భార్యకేసి తిరిగి, పరీక్ష పాసైన కుర్రాడిలా.

"నేనేం చూడాలి? చూసి చూసి కళ్ళు కాయలు కాస్తున్నది నా మోటారు కోసం," అంది అత్తయ్య.

ఆయన వినలేదు. గోళ్ళ కింద పచ్చటి నాచు. మోచేతుల దాకా చర్మం నీళ్ళలో నాని ముడతలు పడి ఉంది. "జాడీ ఎక్కడ పెడతావు? కింది వరసలోనే కదా? కిటికీ వైపు పెట్టవే. పొద్దున ఎండ పడితే పొలుసు మెరుస్తుంది."

అడగాల్సిన ప్రశ్న ఆమె నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసింది. ఆ ముఖంలో మోసం చేసినవాడి బెదురు లేదు. దూరప్రాంతం నుంచి ఎవరో తిరిగొచ్చారన్న కబురు విన్నవాడి ఆత్రం ఉంది.

"కిటికీ వైపే పెడతాను," అంది.

*

మర్నాడు పని వదిలి రాలేకపోయింది. బుధవారం మధ్యాహ్నం, మావయ్య భోంచేసి కునుకు తీసే వేళ చూసి, పాత చేపపిల్లల కేంద్రానికి వెళ్ళింది. గేటుకు తాళం లేదు, తుప్పే తాళం. లోపల మోకాలెత్తు గడ్డి. అందులోంచి ఒక కాలిబాట నున్నగా, రోజూ ఒకే మనిషి నడిచినట్టు సన్నగా వెనక్కి పోతోంది.

ముందు శబ్దం వినబడింది. మోటారు గురక. దాని కింద, ఇంకా మెల్లగా, పారే నీళ్ళ శబ్దం.

రేకుల కప్పు కింద గుండ్రటి సిమెంటు తొట్టి. నడుం ఎత్తు గోడ. అత్తయ్య నీలం మోటారు ఇటుకల మీద కూర్చుని, గొట్టంతో నీళ్ళను అంచు వెంట తోస్తోంది. తొట్టి మధ్య రాళ్ళు పేర్చి ఉన్నాయి. ఆ రాళ్ళను ఆమె గుర్తుపట్టింది. రాళ్ళ పాయలోవి, నునుపుదేలినవి. ఒక్కొక్కటీ అక్కణ్ణుంచి మోసుకొచ్చి ఉండాలి. నీళ్ళ బకెట్టు మోయలేని మనిషి.

ఆమె గోడ మీదికి వంగింది.

మొదట నీళ్ళే కనబడ్డాయి. గడియారం ముల్లు తిరిగే వైపుకు తిరుగుతున్న నీళ్ళు. తర్వాత కళ్ళు అలవాటు పడ్డాయి. అవి అక్కడే ఉన్నాయి. పదులకొద్దీ. ముక్కులన్నీ ప్రవాహానికి ఎదురుగా, గోడ వెంట బారులు తీరి, కదలకుండా ఈదుతున్నాయి. ఈదుతున్నట్టు తెలిసేది తోక కొసలో సన్నటి వణుకు వల్ల మాత్రమే. నీళ్ళు వాటిని వెనక్కి తోస్తున్నాయి, అవి వెనక్కి పోవడం లేదు. అంతే వాటి పని. ఒకటి పక్కకు జరిగింది. పొట్ట మీద వెలుగు తళుక్కున మెరిసింది. మళ్ళీ తన చోటికొచ్చి నిలబడింది.

ఆ నిలబడ్డమే ఆమె ఏ జాడీలోనూ చూడలేదు. జాడీలో ఒళ్ళుంది, కొలతలున్నాయి. నీళ్ళు తోస్తుంటే నిలబడ్డం లేదు. ఆ సన్నదనం ఎందుకో, తోక మొదలు అంత బిగువు ఎందుకో, వెర్నియర్ దవడల మధ్య ఇన్నేళ్ళు పట్టుకున్నా అర్థంకానిది ఇక్కడ చూడగానే అర్థమైంది. చిన్నప్పుడు ఆ హోరులో మావయ్య అరిచి చూపించింది దీన్నే అయి ఉండాలి.

కోటు చెయ్యి పైకి మడిచి నీళ్ళలో పెట్టింది. ఒక చేప వచ్చి ఆమె మణికట్టు వెనక, ప్రవాహం తగ్గిన చోట ఆగింది. ఆమె చెయ్యి తీయలేదు. తిమ్మిరెక్కింది, అయినా తీయలేదు.

మావయ్య చేసిందేమిటో ఆమెకు అప్పుడు తెలిసిందనిపించింది. ఎప్పుడో, బాణాలు మాయమవుతున్న రోజుల్లో, ఆఖరివాటిని పట్టి ఎక్కడో దాచిపెట్టాడు. వాటి సంతానమే ఇవి. ఏట్లో లేనివాటిని ఏట్లో ఉన్నాయని చూపించడానికి అయిదింటిని తీసుకెళ్ళి వలలో వేశాడు.

రేపు ఆమె నోరు మెదపకపోతే చాలు. జాడీ మూత బిగిస్తే చాలు. తూము తెరుస్తారు. రాళ్ళ పాయలో నీళ్ళు పారతాయి. ఆ తర్వాత వీటిని అందులో వదిలేస్తే, ఇవాళ్టి అబద్ధం నిజమైపోతుంది. ఎవరికి నష్టం? ఆ ప్రశ్నను ఆమె నాలుగు రకాలుగా వేసుకుంది. ఏ రకంగా వేసినా జవాబు తనకు నచ్చేటట్టే వస్తోంది. అదే ఆమెను భయపెట్టింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మావయ్య ఆమె చేతికి వెర్నియర్ ఇస్తూ ఒకటే చెప్పాడు. "నీకు ఎంత రావాలనుందో ముందే అనుకోకు. అనుకున్నావా, అంతే వస్తుంది."

చెయ్యి నీళ్ళలోంచి తీసింది. మణికట్టు వెనక ఆగిన చేప ఒక్క విదిలింపుతో తన బారులోకి వెళ్ళిపోయింది, కుడి పక్క గోడకు రాసుకుంటూ.

*

గురువారం కమిటీ మొత్తం కేంద్రం హాల్లో కూర్చుంది. అధ్యక్షురాలికి జలుబు. చేతిరుమాలు ఒక చేత్తో, కలం ఒక చేత్తో పట్టుకుని, తొందరగా తేల్చుకుని పోయే మనిషిలా ఉంది. డైరెక్టరు కొత్త బూట్లు కిర్రుమంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. వెనక వరసలో, కేంద్రానికి పాత పెద్ద కనుక పిలిస్తే వచ్చి, ఇస్త్రీ చొక్కాలో మావయ్య. పక్కన అత్తయ్య. ఈసారి ఎక్కడికి వెళ్ళినా వెనకాలే వస్తానని పంతం పట్టి వచ్చిందట.

"ప్రశ్న ఒకటే కదా," అంది అధ్యక్షురాలు ముక్కు తుడుచుకుంటూ. "ఆ చేప పాయలో ఉందా, లేదా? చూపించండి."

డైరెక్టరు సైగ చేశాడు. కొలతలమ్మ తెల్ల పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టింది. తడిగుడ్డ తీసింది.

అయిదు చేపలు. తలలన్నీ కుడికి ఉన్నాయి. తోకలు ఎడమకు.

కమిటీకి అందులో విశేషమేం కనబడలేదు. చేపలు చేపల్లాగే ఉన్నాయి. డైరెక్టరు ముఖం మాత్రం ఎర్రబడింది. "ఏంటమ్మా ఇది," అన్నాడు పళ్ళ బిగువున. "ఇంత మందిలోనా తిరగేసి పెట్టడం! చిన్నపిల్లలకి కూడా తెలుసు తల ఎటు ఉండాలో." చేప తోక పట్టుకోబోయాడు.

కొలతలమ్మ పళ్ళేన్ని తనవైపు జరుపుకుంది. వెనక వరస వైపు చూసింది.

మావయ్య మెడ చాచి చూస్తున్నాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. లేచి, వరసల మధ్యనుంచి మెల్లగా ముందుకొచ్చి, పళ్ళెం మీదికి వంగాడు. ఒక్కొక్క చేప మీదా ఆగుతూ ఆయన చూపు ఆ చివరి దాకా వెళ్ళింది. తన జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. చెయ్యి చాచి, మొండి రెక్క అంచును చిటికెనవేలితో తాకాడు.

"అరిగాయే," అన్నాడు మేనకోడలితో, ఇంట్లో మాట్లాడుకున్నట్టు.

"అరిగాయి మావయ్యా."

"నేను చూడలేదు."

"మనం ఎవరం చూడం."

ఆయన తలూపాడు. నిటారుగా నిలబడడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత అధ్యక్షురాలి వైపు తిరిగాడు.

"తలలు కావాలనే ఇలా పెట్టిందండీ. దీనికి పని నేర్పింది నేను. చేపను ఎడమ పక్కనుంచే చూడాలని నేర్పాను. ఆ మాట నేను కూడా ఎంత బాగా విన్నానంటే, ఈ అయిదింటినీ ఎంచేటప్పుడు ఎడమ పక్కే చూసుకున్నాను. లేకపోతే రెక్కలు బాగున్నవి ఏరుకునేవాణ్ణి, ఇవాళ మీకూ నాకూ ఈ బాధ ఉండేది కాదు. ఇవి పాయలో చేపలు కావండి. సిమెంటు తొట్టిలో పెంచినవి. పెంచింది నేను, క్యానులో తీసుకెళ్ళి వలలో వేసింది నేను. మా మేనకోడలు కొలిచిన కొలతల్లో తప్పేం లేదు. చేపలే తప్పు. వలాయనకి కూడా ఏం తెలియదు."

డైరెక్టరు కుర్చీ వెతుక్కున్నాడు. అధ్యక్షురాలు కలం కింద పెట్టింది. "అంటే, ఉన్న ఆఖరి చేపల్ని మీ దగ్గర దాచుకుని..."

"ఆఖరివి నాకెక్కడివండీ?" మావయ్య నవ్వబోయి నవ్వలేకపోయాడు. మేనకోడలి వైపు చూశాడు. "నువ్వు కూడా అలాగే అనుకున్నావా, పిచ్చిదానా? ఆఖరి బాణం పోయినప్పుడు నేను ఊళ్ళో కూడా లేను. ఇవి పళ్ళేలు. ఆనకట్ట వెనక నిలవ నీళ్ళలోంచి గుడ్లు తెచ్చాను. బొద్దుగా, కంచాల్లా ఉంటాయే, వాటి గుడ్లు. బాణమూ అదీ వేరువేరని పుస్తకంలో రాసిందీ నేనే. తప్పు రాశాను. ఆ తొట్టిలో నీళ్ళు తిప్పాను, అంతే. ఇంకేం చెయ్యలేదు. పిల్లలు పుట్టిన కొత్తలో నీళ్ళు తోసిన చోటికల్లా కొట్టుకుపోయేవి. తర్వాత్తర్వాత నిలబడ్డం మొదలుపెట్టాయి. నిలబడే కొద్దీ సన్నబడ్డాయి. ఒకరోజు పొద్దున చూస్తే బాణం. నా వయసు మర్చిపోయి తొట్టిలో దిగిపోయానండీ, చొక్కాతో సహా.

"మొదట్లో నా మనసులో కమిటీ లేదు, గోడ లేదు. ఒక్కసారి చూడాలనిపించింది, అంతే. అది ఎదురీదుతుంటే చూసి ఎన్నేళ్ళయిందో. చూశాక నాకే సరిపోతుందనుకున్నాను. సరిపోలేదు. ఈలోగా మీరు వస్తున్నారన్నారు. మీరు అడిగేది ఒకటే, ఉందా లేదా అని. మళ్ళీ వస్తుందా అని మీ ప్రశ్నల్లో ఎక్కడా లేదు. ఆ ప్రశ్న అడిగించే ఓపిక నాకు లేకపోయింది. ఉన్న ప్రశ్నకి అబద్ధం జవాబు తయారుచేశాను. అయిదింటిని నా చేత్తోనే తీశాను. ఏవి తియ్యాలో తేల్చుకోలేక ఆ రోజు చాలాసేపు గోడ మీద కూర్చున్నాను.

"పాయలో బాణం లేదు. రాసుకోండి. మోసం చేశానని కూడా రాసుకోండి, సంతకం పెడతాను. కానీ ఆనకట్ట వెనకున్న ప్రతి పళ్ళెం కడుపులోనూ ఉంది. నీళ్ళు పారితే వస్తుంది. నేను చెబితే ఇంక మీరు నమ్మక్కర్లేదు, పోయి చూడండి. ఇక్కడికి దగ్గరే. కాకపోతే కొంచెం త్వరగా బయల్దేరాలి. ఆ మోటారు మా ఆవిడది. కాలిపోయిందని చెప్పి ఏడాదికి పైగా దీని చేత మెట్ల మీద నీళ్ళు మోయించాను. అదుగో, అక్కడ కూర్చుని అంతా వింటోంది. సాయంత్రానికల్లా ఇంటికి తెచ్చి బిగించాలి. ఆపేలోపు ఒక్కసారి వచ్చి చూడండి."